పురిటింట్లో నాన్న చోటు

బిడ్డ పుట్టిన తొలి నెలల్లో తండ్రి ఏం చెయ్యాలన్న చర్చ మన ఇళ్ళలో, ఆఫీసుల్లో, కోర్టుల్లో కొన్నేళ్ళుగా తెగకుండా నడుస్తోంది. కాన్పు కోసం సెలవు అడిగినవాణ్ణి ఎగాదిగా చూసే పైఅధికారులు ఇంకా ఉన్నారు. బిడ్డ గుడ్డలు మార్చే అల్లుణ్ణి చూసి మురిసే అత్తగార్లూ ఉన్నారు, నొచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. 2020 చివర్లో విరాట్ కోహ్లీ ఆస్ట్రేలియాలో మొదటి టెస్టు ఆడి, భార్య కాన్పు కోసం ఇంటికి బయల్దేరినప్పుడు దేశం ముందా, ఇల్లు ముందా అని క్రికెట్ అభిమానులు రోజుల తరబడి వాదించుకున్నారు.

ఈ చర్చ చిక్కుపడటానికి కారణం, నాలుగు వేర్వేరు ప్రశ్నలు ఇందులో కలిసిపోవడమే. కాన్పు వేళ తండ్రి దగ్గరుండాలా? పసిగుడ్డును సాకడం మగవాడికి చేతవుతుందా? అందుకు సెలవు ఇవ్వాలా, ఇస్తే ఆ ఖర్చు ఎవరిది? కొత్తగా తండ్రైనవాడి మనసు బాగోకపోతే ఎవరు చూస్తారు? ఒక ప్రశ్నకు దొరికిన జవాబును ఇంకో ప్రశ్నకు వాడేస్తున్నాం. పాలివ్వలేడు కాబట్టి సెలవు ఎందుకంటాం. సెలవు లేదు కాబట్టి అతనికి ఏమీ తెలియదంటాం.

వీటిని విడదీసి చూస్తే ఎక్కడ ఆధారాలు గట్టిగా ఉన్నాయో, ఎక్కడ పలచబడ్డాయో కనిపిస్తుంది. ఈ వ్యాసం ఏ వైపు మొగ్గుతోందో ముందే చెప్పడం న్యాయం. పసిబిడ్డ పని చేతికి రావడమన్నది బిడ్డతో గడిపిన గంటలను బట్టి ఉంటుంది. ఆ గంటలు మన తండ్రులకు దక్కకపోవడానికి వాళ్ళ స్వభావం కన్నా మనం చేసుకున్న ఏర్పాటే పెద్ద కారణం.

పుట్టింటి పురుడు

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది తెలుగునాట చాలామంది పాటించే ఆచారం. నెలలు నిండే ముందు కూతుర్ని తీసుకెళ్ళి, పురుడు పోసి, మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి పంపుతారు. దీని వెనక మంచి లెక్క ఉంది. అత్తవారింట కోడలు పగటిపూట నడుం వాల్చాలంటే సంకోచిస్తుంది. తల్లి దగ్గరైతే పథ్యం, నూనె మర్దనా, వేణ్ణీళ్ళ స్నానం, అన్నిటికన్నా ముఖ్యంగా నిద్ర దొరుకుతాయి. బిడ్డ రొమ్ము పట్టకపోయినా, కుట్లు నొప్పి పెట్టినా మొహమాటం లేకుండా చెప్పుకోవచ్చు. ఈ ఆచారాన్ని ఉత్త పాతకాలపు పట్టింపుగా కొట్టిపారేసేవాళ్ళు బాలింత పక్షాన ఆలోచించడం లేదన్నమాట.

అయితే ఆ ఇంట్లో బిడ్డ తండ్రి అల్లుడు, అంటే అతిథి. శనివారం సాయంత్రం బస్సు దిగి వస్తాడు. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, బిడ్డను మెత్తటి పాత చీర ముక్కలో చుట్టి తెచ్చి ఒళ్ళో పెడతారు. తల నిలవని బిడ్డ కాబట్టి మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో ఎవరో చూపిస్తారు. బిడ్డ మొహం ముడిచి ఏడుపు అందుకోగానే, “ఇటివ్వు బాబూ” అని లోపలికి తీసుకుపోతారు. ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడం నేర్చుకోవాల్సిన సమయం సరిగ్గా అదే. ఆదివారం రాత్రికి అతను మళ్ళీ బస్సెక్కుతాడు. మూడు నెలలు ఇలా గడిచేసరికి తల్లికి బిడ్డ ఏడుపులో ఆకలేదో, కడుపునొప్పేదో, నిద్రేదో తెలిసిపోతుంది. తండ్రి మొదటి వారంలో ఎక్కడున్నాడో అక్కడే ఉంటాడు. ఆ తర్వాత తల్లీబిడ్డా అతని ఇంటికి వచ్చాక, “నీకేం తెలియదు, ఉండు” అన్న మాట ఇద్దరిలో ఎవరి తప్పూ లేకుండానే మొదలవుతుంది.

కర్మకాండలో మాత్రం తండ్రికి చోటు గట్టిగానే ఉంది. జాతకర్మ చేయాల్సింది అతనే. పురుటి మైల తల్లితోపాటు అతనికీ ఉంటుంది. బారసాలనాడు పళ్ళెంలోని బియ్యంలో ఉంగరంతో పేరు రాసేదీ అతనే. వీటిలో కొన్ని ఇవాళ వైద్యంతో తగాదా పడతాయి. జాతకర్మలో బిడ్డ నాలుకకు తేనె, నెయ్యి తాకించడం ఆచారం. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దనీ, ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చనీ పిల్లల డాక్టర్లు చెబుతున్నారు. తండ్రి చోటు పురిటి పనిలో కాకుండా తంతులో మాత్రమే మిగిలినప్పుడు వచ్చే ఇబ్బంది ఇది.

తండ్రిని కాన్పుకు మరీ దగ్గరగా తెచ్చిన ఆచారం కూడా మన నేల మీదే నమోదైంది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో ఎరుకలవారి గురించి రాశాడు. భార్యకు నొప్పులు మొదలవగానే భర్త ఆమె బట్టలు కట్టుకుని, ఆడవాళ్ళలా బొట్టు పెట్టుకుని, చిన్న దీపం ఉన్న చీకటి గదిలో నిండా ముసుగు కప్పుకుని పడుకునేవాడట. బిడ్డకు స్నానం చేయించి అతని పక్కన పడుకోబెట్టేవారు. బాలింతకు పెట్టే ఇంగువ, బెల్లం అతనికే తినిపించేవారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ తన దక్షిణ భారత కులాల గ్రంథంలో ఈ వివరాన్ని మళ్ళీ ఎత్తి రాశాడు. ఇలాంటి ఆచారాలు దక్షిణ అమెరికా నుంచి ఐరోపా దాకా ఉన్నాయని గమనించిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ 1865లోనే వీటిని ‘కూవాడ్’ అన్న పేరు కింద చేర్చాడు. ఫలానా మగవాడే ఈ బిడ్డకు తండ్రి అని నలుగురి ముందూ నిలబెట్టే పద్ధతి ఇదని తర్వాత మరో మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ వివరించాడు. వలసపాలన కాలపు రాతల్లో వింత కోసం వెతికే చూపు ఉంటుంది కాబట్టి వాటిని జాగ్రత్తగానే చదవాలి. అయినా ఒక సంగతి మిగులుతుంది. పురుడు ఆడవాళ్ళ వ్యవహారం, మగవాళ్ళు దూరంగా ఉండటమే మన సంప్రదాయం అని తేల్చేసేవాళ్ళకు మన సంప్రదాయాలన్నీ తెలియవు.

కాన్పు గది తలుపు

ఈ భాగాన్ని క్లుప్తంగా చూడొచ్చు, ఎందుకంటే ఇక్కడ వివాదం చాలావరకు చల్లబడింది. అమెరికాలో రాబర్ట్ బ్రాడ్లీ అనే వైద్యుడు 1965లో భర్త తోడుగా కాన్పు అన్న పద్ధతి మీద పుస్తకం రాశాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో పడమటి దేశాల్లో తండ్రి కాన్పు గదిలో ఉండటం మామూలైపోయింది. ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు మిషెల్ ఓదాన్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. మగవాడి కంగారు ఆమెకు అంటుకుని నొప్పులు మందగిస్తాయని, అనుభవమున్న ఒక ఆడమనిషి నిశ్శబ్దంగా పక్కనుంటే చాలని అతని వాదన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో తల్లి కోరుకున్న మనిషి తోడుండాలని చెప్పింది. భర్తా, తల్లా, చెల్లా అన్నది ఆమె ఇష్టం. తండ్రి హక్కు కన్నా తల్లి ఎంపిక ముందు నిలవడమే ఈ తగవుకు సరైన పరిష్కారం. మన కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు తోడును అనుమతించింది. బంధువుల్లో కాన్పు అనుభవం ఉన్న స్త్రీకి మొగ్గు చూపి, చాటు ఉన్నచోట భర్తనూ రానివ్వొచ్చంది. నాలుగు మంచాలు పక్కపక్కనే ఉండి మధ్యలో తెర కూడా లేని గదిలోకి ఒక మగవాణ్ణి రానిస్తే, మిగతా ముగ్గురు తల్లుల మర్యాద పోతుంది. ఇక్కడ అడ్డం సంస్కారం కాదు, గోడలు.

మన రెండు రాష్ట్రాలకు ఇంకో ప్రత్యేకత ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ఇన్ని సిజేరియన్లు అవసరమా అన్నది వేరే చర్చ. తండ్రి విషయంలో మాత్రం దీని ఫలితం తిన్నగా కనిపిస్తుంది. పొట్ట మీద కుట్లున్న తల్లి మంచం మీద నుంచి లేచి ఉయ్యాలలోని బిడ్డను ఎత్తుకోవడం మొదటి రోజుల్లో పెద్ద యాతన. రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రితో సహా, ఎవరో ఒకరు బిడ్డను తీసి ఆమెకు అందించాలి, తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి, తడిసిన గుడ్డ మార్చాలి. అరవై దాటిన అమ్మమ్మ ఒక్కతే ఎన్నాళ్ళు చేస్తుంది?

చేతవుతుందా, కాదా

మగవాడి సామర్థ్యం గురించిన వాదన మూడు పాయలుగా సాగింది.

మొదటిది తల్లే కేంద్రమన్న పాయ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక దీనికి పునాది. తల్లీబిడ్డల బంధమే బిడ్డ మానసిక ఆరోగ్యానికి మూలమని, తండ్రి విలువ తల్లికి ఆర్థికంగా, మానసికంగా ఆసరా ఇవ్వడంలో ఉందని ఆ తొలినాటి రచనల సారాంశం. మన ఇళ్ళలో అప్పటికే ఉన్న పద్ధతికి ఇది సరిగ్గా అతికింది.

రెండోది మనస్తత్వవేత్త మైకేల్ లాంబ్ మొదలుపెట్టిన పాయ. పిల్లల ఎదుగుదలలో మరిచిపోయిన మనుషులు తండ్రులేనని 1975లో వ్యాసం రాసి, ఆ తర్వాత దశాబ్దాల పాటు పరిశోధించాడు. అతను చూపించిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇది: తొలిరోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ దాదాపు సమానంగానే తడబడతారు. తల్లి ఎక్కువసేపు బిడ్డతో ఉంటుంది కాబట్టి త్వరగా నేర్చుకుంటుంది. కొన్ని నెలల తర్వాత కనిపించే తేడాను మనం పుట్టుకతో వచ్చినదనుకుంటాం. తండ్రి పాత్రను లాంబ్ బృందం మూడుగా విడగొట్టింది: బిడ్డతో నేరుగా చేసే పని, పిలిస్తే పలికేంత దగ్గర్లో ఉండటం, బాధ్యత మొయ్యడం. మొదటి రెండిట్లో తండ్రులు ముందుకొచ్చారు. టీకా తేదీ ఎప్పుడు, డైపర్లు ఎన్ని మిగిలాయి, ఇవాళ ఎన్నిసార్లు తడిపాడు అని మనసులో లెక్క పెట్టుకునే మూడోది మాత్రం ఎక్కువ ఇళ్ళలో ఇప్పటికీ తల్లిదే.

మూడోది శరీరాన్ని చూసిన పాయ. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులను కొన్నేళ్ళ పాటు గమనించి లీ గెట్లర్ బృందం 2011లో ఫలితాలు ప్రకటించింది. తండ్రులైనవారిలో టెస్టోస్టిరాన్ గణనీయంగా తగ్గింది. రోజుకు మూడు గంటలు, ఆపైన బిడ్డ పని చేసేవారిలో అది ఇంకా తక్కువగా ఉంది. ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ బృందం 2014లో తల్లిదండ్రుల మెదళ్ళను పరీక్షించింది. బిడ్డ బాధ్యత ప్రధానంగా తామే తీసుకున్న తండ్రుల్లో, సాధారణంగా తల్లుల్లో చురుగ్గా కనిపించే మెదడు భాగాలు కూడా చురుగ్గా ఉన్నాయి. బిడ్డతో గడిపే సమయం పెరిగేకొద్దీ ఆ భాగాల మధ్య అనుసంధానమూ గట్టిగా ఉంది. మధ్య ఆఫ్రికా అడవుల్లోని అకా తెగ తండ్రులు రోజులో దాదాపు సగం సమయం పిల్లలకు చేతికందే దూరంలో ఉంటారని బారీ హ్యూలెట్ 1991లోనే రాశాడు. మనిషి బిడ్డ ఎప్పుడూ ఒక్క తల్లి మీదే ఆధారపడి బతకలేదని, చుట్టూ ఉన్న పెద్దలంతా సాకితేనే బతికిందని మానవశాస్త్రవేత్త సారా బ్లాఫర్ హర్డీ చెబుతుంది. మన ఉమ్మడి కుటుంబం తెలిసినవారికి ఆ మాట కొత్త కాదు. అందులో తండ్రిని కూడా లెక్కవేయడమే కొత్త.

ఈ మూడు పాయలనూ పక్కపక్కన పెడితే తగవు అనుకున్నంత పెద్దది కాదు. పాలివ్వడం తల్లి ఒక్కతే చేయగలదు, దాన్ని ఎవరూ కాదనరు. నవజాత శిశువు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగుతుంది. ఒక్కోసారి తాగడానికి ముందూ వెనకా ఉన్న పని అంతా ఎవరైనా చేయొచ్చు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను వట్టి ఛాతీకి ఆనించి కట్టుకునే కంగారూ పద్ధతి 1970ల చివర్లో బొగోటాలో మొదలైంది. పుట్టిన వెంటనే ఇలా చేస్తే మరణాలు నాలుగోవంతు తగ్గుతాయని భారత్ సహా ఐదు దేశాల్లో చేసిన అధ్యయనం 2021లో తేల్చింది. తల్లి వీలుకాని స్థితిలో ఉంటే తండ్రి కూడా ఇలా కట్టుకోవచ్చని మన ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. చొక్కా బొత్తాలు విప్పి, టోపీ తొడిగిన కిలోన్నర బిడ్డను గుండె మీద నిలువుగా ఆనించి, పైన దుప్పటి కప్పుకుని కదలకుండా గంటల తరబడి కూర్చోవాలి. దీనికి కావలసింది శరీరపు వెచ్చదనం, ఓపిక.

మరి ఆచరణ? జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన కాల వినియోగ సర్వేలో, 15–59 ఏళ్ళ స్త్రీలలో 41 శాతం ఇంట్లోవారి సంరక్షణ పని చేస్తే, పురుషుల్లో 21.4 శాతమే చేశారు. చేసినవారిలోనూ స్త్రీలు రోజుకు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చించారు.

సెలవు, దాని ఖర్చు

ఎక్కువ సిరా ఖర్చైంది ఇక్కడే. ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చిన మొదటి దేశం స్వీడన్, 1974లో. ఆ ఏడాది మొత్తం సెలవు దినాల్లో తండ్రులు వాడుకున్నది అర శాతమే. హక్కు ఇచ్చినంత మాత్రాన మగవాళ్ళు ఇంట్లో ఉండరని అక్కడ తేలింది. నార్వే 1993లో నాలుగు వారాలు తండ్రికే కేటాయించి, అతను వాడకపోతే అవి పోతాయంది. స్వీడన్ 1995లో అదే దారి పట్టింది. అప్పుడు లెక్కలు మారాయి. స్వీడన్‌లో ఇవాళ తండ్రుల వాటా 30 శాతం చుట్టూ ఉంది. జపాన్‌లో చట్టప్రకారం తండ్రికి చాలా ఉదారమైన సెలవు ఉన్నా, 2012లో దాన్ని వాడుకున్నవారు రెండు శాతం లోపే. ఆఫీసులో ఏమనుకుంటారోనన్న భయమే కారణం. 2022లో కాన్పు తర్వాతి ఎనిమిది వారాల్లో తండ్రి నాలుగు వారాలు తీసుకునే ప్రత్యేక సెలవు తెచ్చి, ఉద్యోగులను అడిగి మరీ చెప్పే బాధ్యత యాజమాన్యం మీద పెట్టాక, 2023లో అది 30.1 శాతానికి చేరింది.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఐదో వేతన సంఘం తర్వాత 15 రోజుల పితృత్వ సెలవు వచ్చింది. ఇద్దరికన్నా తక్కువ పిల్లలున్నవారు కాన్పుకు 15 రోజుల ముందు నుంచి ఆరు నెలల లోపు దీన్ని వాడుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో తన ఉద్యోగులకూ 15 రోజులు ఇచ్చింది. ప్రైవేటు రంగంలో చట్టమేమీ లేదు, అంతా కంపెనీ దయ. జొమాటో 2019లో తల్లికీ తండ్రికీ సమానంగా 26 వారాలు ప్రకటించింది. ఇంకెన్నో కంపెనీలు మూడు రోజులో ఐదు రోజులో ఇచ్చి ఊరుకుంటున్నాయి. పార్లమెంటు దాకా వెళ్ళిన ప్రయత్నం ఒకటుంది. మహారాష్ట్ర ఎంపీ రాజీవ్ సాతవ్ 2017లో పెట్టిన ప్రైవేటు బిల్లు తండ్రులకు 15 రోజులు, అవసరమైతే మూడు నెలల దాకా సెలవు ప్రతిపాదించింది. అది చట్టం కాలేదు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ తండ్రి సెలవు లేదు. 2023లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ కేసులో, ఇలాంటి చట్టం అవసరమని చెప్పింది.

అనుకూల, ప్రతికూల వాదనలు రెండింటిలోనూ బలమున్నవి ఉన్నాయి. 2017లో ప్రసూతి సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచినప్పుడు ఆ జీతభారమంతా యజమాని మీదే పడింది. దాంతో ఆడవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకోవడానికే వెనకాడతారన్న భయం వచ్చింది. తండ్రికీ తప్పనిసరి సెలవుంటే ఆ వివక్షకు కొంత విరుగుడు దొరుకుతుందని అనుకూలురు అంటారు. అదే భారం యజమాని మీద రెట్టింపు చేస్తే చిన్న సంస్థలు నిలబడవని ప్రతికూలురు అంటారు. సెలవు తీసుకుని ఊరు తిరుగుతారనే మూడో వాదన కూడా వినిపిస్తుంది. దానికి గౌరవం ఇవ్వనక్కర్లేదు. ప్రసూతి సెలవులో తల్లి ఏం చేస్తోందని ఎవరూ నిఘా పెట్టరు.

తల్లి ఆరోగ్యం గురించి వచ్చిన ఒక అధ్యయనం ఈ చర్చలో అందరూ చదవాల్సింది. స్వీడన్ 2012లో చిన్న మార్పు చేసింది: తల్లి సెలవులో ఉన్నప్పుడే తండ్రి కూడా, అవసరమైన రోజు చూసుకుని, 30 రోజుల దాకా ఇంట్లో ఉండొచ్చంది. ఆ తర్వాత పుట్టిన బిడ్డల తల్లుల్లో మొదటి ఆరు నెలల్లో ఆందోళనకు వాడే మందుల చీట్లు దాదాపు నాలుగోవంతు తగ్గాయని పెట్రా పెర్సన్, మాయా రోసిన్-స్లేటర్ చూపించారు. అక్కడ తేడా తెచ్చింది సెలవు పొడవు కాదు. జ్వరం వచ్చిన రోజు, రాత్రంతా నిద్రలేని మర్నాడు అడ్డు లేకుండా ఇంట్లో ఉండగలగడమే. మన పరిస్థితికి దగ్గరగా ఉన్న పాఠం ఇదే. 15 రోజులనూ ఒక్కసారిగా కాకుండా విడివిడిగా వాడుకోనిస్తే, పుట్టింటి ఆచారాన్ని కదపకుండానే తండ్రి చాలాసార్లు అక్కడికి వెళ్ళి రాగలడు.

అతని మనసు

తల్లికి కాన్పు తర్వాత దిగులు పట్టుకోవడం గురించి ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాం. భారతదేశంలో తల్లుల్లో ఇది 22 శాతం దాకా ఉందని 2017లో పలు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. తండ్రుల సంగతి ఇంకా వెనకే ఉంది. పాల్సన్, బేజ్‌మోర్ 2010లో వివిధ దేశాల 43 అధ్యయనాలను కలిపి చూసి, తండ్రుల్లో సుమారు 10 శాతం మంది కుంగుబాటుకు లోనవుతున్నారని, బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల మధ్య అది ఎక్కువని చెప్పారు. తల్లి కుంగిపోయిన ఇంట్లో తండ్రీ కుంగిపోయే అవకాశం ఎక్కువ. 2005లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం, ఎనిమిది వారాలప్పుడు తండ్రికున్న కుంగుబాటుకూ, మూడున్నరేళ్ళకు పిల్లల్లో కనిపించిన ప్రవర్తన సమస్యలకూ సంబంధం చూపింది.

చిక్కు కొలిచే సాధనంలోనే ఉంది. అందరూ వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987లో తల్లుల కోసం తయారైంది. ఏడుపు వస్తోందా అని అడిగితే మగవాడు లేదంటాడు. అతని దిగులు చిరాకుగా, ఇల్లు చేరడానికి ఆలస్యం చేయడంగా, తాగుడు పెరగడంగా బయటపడుతుంది. మగవాళ్ళకు ఈ ప్రశ్నావళిలో మార్కుల హద్దు రెండు తగ్గించి చూడాలని ఆస్ట్రేలియా పరిశోధకులు 2001లోనే సూచించారు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గౌరవంగా వినాలి. కోసుకుని, రక్తం పోయి, పాలిచ్చి నిద్రలేని తల్లి ఉండగా తండ్రి బాధ గురించి మాట్లాడటం అన్యాయం కాదా? ఆమె బాధే పెద్దది, సందేహం లేదు. అయితే అతను కుంగిపోతే ఆమె ఆసరా పోతుంది. బిడ్డ ఏడుపు ఆరు వారాల ప్రాంతంలో బాగా పెరిగి, తర్వాత తగ్గుతుంది. ఆ రోజుల్లో విసిగిన చేతులు బిడ్డను గట్టిగా ఊపడం మెదడుకే ప్రమాదం. చేతకానప్పుడు బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు నిమిషాలు పక్కకు వెళ్ళి రావచ్చని తండ్రికి ముందే చెప్పి ఉంచాలి. కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 తెలుగులోనూ పనిచేస్తుంది. కొత్త తండ్రులు కూడా ఫోన్ చేయొచ్చని ప్రసూతి వార్డు గోడ మీద రాస్తే ఖర్చేమీ కాదు.

దూరాన ఉన్న నాన్నలు

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవారిలో చాలామంది బిడ్డను మొదట చూసేది ఫోన్ తెర మీదే. రెండేళ్ళకోసారి వచ్చే సెలవుకు బిడ్డ నడుస్తూ ఉంటుంది, కొత్తమనిషిని చూసి తల్లి చాటుకు పోతుంది. అమెరికాలోని తెలుగు తండ్రిది తిరగబడ్డ పరిస్థితి. పురుడు అతని ఇంట్లోనే. అమ్మమ్మో నానమ్మో సందర్శక వీసా మీద వస్తారు, ఆరు నెలల లోపు తిరిగి వెళ్ళాలి. వీసా దొరకనప్పుడు పథ్యం వండటం నుంచి బిడ్డకు స్నానం పోయడం దాకా అతనే. అక్కడి 1993 చట్టం ఇచ్చేది 12 వారాల జీతం లేని సెలవు, అదీ కనీసం 50 మంది ఉద్యోగులున్న సంస్థల్లో ఏడాది పనిచేసినవారికి. మంచి కంపెనీలు జీతంతోనే ఇస్తున్నాయి. గత్యంతరం లేక నేర్చుకున్న ఈ తండ్రులు పసిబిడ్డకు స్నానం పోయగలరని రుజువు చేశారు. సామర్థ్యం గురించిన వాదనకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం మనకు అక్కర్లేదు.

ఇంకా తేలనివి

తొలి వారాల అలవాటు తర్వాత నిలుస్తుందా అన్నదాని మీద పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. స్వీడన్‌లో తండ్రి నెల వచ్చాక మగవాళ్ళు సెలవు ఎక్కువ తీసుకున్నారు గానీ, తర్వాత పిల్లలకు జబ్బు చేస్తే సెలవు పెట్టడంలో వాళ్ళ వాటా మారలేదని ఒక అధ్యయనం చెప్పింది. కెనడాలోని క్యుబెక్ 2006లో తండ్రులకు ఐదు వారాలు కేటాయించాక ఇంటిపని పంపకం ఏళ్ళ తరబడి మారిందని మరొకటి చెప్పింది. స్పెయిన్‌లో 2007లో రెండు వారాల సెలవు వచ్చాక, తండ్రులు తాము కోరుకునే పిల్లల సంఖ్యను తగ్గించుకున్నారు, రెండో బిడ్డకు ఎడం పెరిగింది. పిల్లల పెంపకం ఎంత కష్టమో తెలియడమే కారణం కావచ్చు. గంటలే చేతికి పని నేర్పుతాయన్న నా మొగ్గుకు స్వీడన్ ఫలితం గట్టి సవాలు. ఒక నెల చాలదేమో అనుకోవడం తప్ప, దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు.

అమ్మమ్మల అధికారం సంగతి ఇంకోటి. మన ఇళ్ళలో వయసు మళ్ళిన ఆడవాళ్ళకు నిర్వివాదమైన గౌరవం దొరికే చోటు పురిటి గది. అల్లుడు అందులోకి వస్తే ఆ గౌరవానికి గండి పడుతుందనిపించడం సహజం. కాటుక, ముక్కులో నూనె, సాంబ్రాణి పొగ వద్దని డాక్టరు చెప్పిన మాటను అల్లుడు మోసుకొస్తే తగాదా ఖాయం. అతను అమ్మమ్మ దగ్గర శిష్యరికం చేస్తూ, ఈ రెండు మూడు విషయాల్లో మాత్రం వైద్యుల మాట నిలబెట్టే పద్ధతి కొన్ని ఇళ్ళలో కుదురుతోంది.

అన్నిటికన్నా పెద్ద ఖాళీ రోజుకూలి తండ్రిది. ఆటో నడిపేవాడు, మేస్త్రీ, కౌలురైతు బిడ్డ దగ్గర ఒక రోజు కూర్చుంటే ఆ రోజు సంపాదన పోతుంది. తల్లికి మాతృవందన యోజన కింద 5,000 రూపాయలున్నాయి. తెలంగాణ 2017లో కేసీఆర్ కిట్‌తో 12,000, ఆడబిడ్డైతే 13,000 ఇచ్చింది. అవి తల్లికే చెందాలి, అందులో మార్పు అక్కర్లేదు. తండ్రి కూలికి బదులు ఏదైనా నిధి ఉండాలని సాతవ్ బిల్లు అసంఘటిత కార్మికులను కూడా కలుపుకుని ఆలోచించింది. ఆ తర్వాత ఆ ఆలోచనను ఎవరూ గట్టిగా ఎత్తుకోలేదు.

నిధి వచ్చేలోగా చేయగలిగింది ఒకటుంది. ఆసుపత్రిలో కాన్పైన ప్రతి తల్లి ఇంటికీ ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్ళాలి. బిడ్డను తూచి, ఒంటి వేడి చూసి, ప్రమాద సూచనలు చెబుతుంది: పాలు తాగడం మానేయడం, ఒళ్ళు చల్లబడటం, డొక్కలెగరేస్తూ ఊపిరి తీయడం, పసుపు అరచేతులకూ పాదాలకూ పాకడం. ఈ ఆరు సందర్శనల్లో కనీసం ఒకటి తండ్రి ఇంట్లో ఉండే పూట పెట్టి, థర్మామీటరు అతని చేతికిచ్చి చదివించి, అర్ధరాత్రి 108కి ఫోన్ చేయాల్సిన సూచనలు అతని నోటే చెప్పించాలని ఆశాల శిక్షణలో చేర్చొచ్చు. బిడ్డ పుట్టింట్లో ఉంటే సందర్శన జరిగేదీ అక్కడే కాబట్టి, ఆ పూటకు అల్లుణ్ణి పిలిపించాల్సిన బాధ్యత అత్తమామలది.